ఇంగ్లీషు క్లాసు డ్యూటీ టైములో పెట్టాలె

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిక చేసి చదవండి.

ఈ మధ్య దుబాయ్, షార్జా దిక్కు కొన్ని కంపెనీలు క్యాంపుల్లో లేబర్‌కు ఇంగ్లీషు క్లాసులు పెడుతున్నయి. ఇంగ్లీషు వద్దని మేము అనం. పెట్టే తీరు మీదనే మా కోపం.

ఆఫీసులో ఇంజినీర్లకు, అకౌంట్స్ వాళ్లకు టీచరు పొద్దున పదింటికి వస్తడు. ఏసీ రూము, చాయ్, జీతం నడుస్తనే ఉంటది. మనకేమో రాత్రి ఎనిమిదిన్నరకు మెస్ హాలులో. పొద్దున నాలుగింటికి లేచినోడు సాయంత్రం ఏడింటికి బస్సు దిగుతడు. స్నానానికి లైను, వంట వంతు ఉంటే వండుడు, ఇంటికి ఫోను. ఇక్కడ ఎనిమిదిన్నర అంటే ఊర్లె పది, పిల్లలు పండుకుంటరు. ఆ టైముల కూసోబెట్టి "దిస్ ఈజ్ ఎ పెన్" అనిపిస్తే ఎవనికి ఎక్కుతది? మూడో వారానికి సగం మంది రారు. అప్పుడు "మీవాళ్లకు ఇంట్రెస్ట్ లేదు" అని మమ్మల్నే అంటరు. బ్యానర్ కట్టి ఫొటోలు దిగుడు మొదటి రోజే అయిపోయిందాయె.

ఎండాకాలం మధ్యాహ్నం బ్రేకులో క్లాసు పెడుదామని ఇంకో మాట వస్తది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండల పని చేయించొద్దని సర్కారు రూలు. అది ఒళ్లు చల్లబడనీకి ఇచ్చిన టైము, కంపెనీ పుస్తకాలకు కాదు.

"లేబర్‌కు ఇంగ్లీషు ఎందుకు, సైట్ల హిందీ చాలదా?" అనేటోళ్లు మనలోనే ఉన్నరు. పని చెప్పనీకి హిందీ చాలు. కానీ కాగితం ఇంగ్లీషుల ఉంటది. పొద్దున టూల్‌బాక్స్ టాక్ ఐదు నిమిషాల్లో గడగడ చదివి షీటు చేతిలో పెడతరు, అందరం సంతకాలు గీకుతం. రేపు ఎవడన్నా స్కాఫోల్డింగ్ మీదికెళ్లి పడితే ఆ షీటే ముందుకొస్తది: "ట్రైనింగ్ ఇచ్చినం, సంతకం ఉంది" అని. అర్థం కాని మాటకు పెట్టిన సంతకం మన మెడకే చుట్టుకుంటది. మా సైట్ల ఒక షట్టరింగ్ కార్పెంటర్ లీవు కాగితమనుకొని వార్నింగ్ లెటర్ మీద సంతకం పెట్టిండు. మూడు రోజుల జీతం పోయింది. పదేండ్ల అనుభవం ఉన్నోడు, పనిల వంక పెట్టనీకి లేదు.

2016ల ఇక్కడి కార్మిక శాఖ ఆఫర్ లెటర్లను 11 భాషల్ల పెట్టింది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం ఉన్నయి. తెలుగు లేదు. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి ఇంతమందిమి వచ్చి మన లెక్క ఇదీ. అది వేరే కొట్లాట, ఇంకోసారి రాస్తం.

అసలు ఏం నేర్పాలె? "బేసిక్" అనే ఒక్క మాట తీసుకోండి. గ్రాట్యుటీ బేసిక్ మీదనే కడతరు, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున. చేతికి 1200 దిర్హాములు వచ్చేటోని కాగితం మీద బేసిక్ 800 ఉంటే, ఏడాదికి వచ్చేది 560. మనోడు 1200 మీద లెక్కేసుకొని 840 అనుకుంటడు. ఐదేండ్లకు 1400 తేడా. పోయేనాడు ఆఫీసుల గొడవపడి ఏం లాభం? అలవెన్స్ ఏంది, డిడక్షన్ ఏంది, జీతం స్లిప్పు ముందట పెట్టి నేర్పాలె. పర్మిట్ మీద టైము అయిపోయిందా చూసుడు, స్కాఫోల్డ్ ట్యాగ్ ఎర్రగా ఉంటే "నాట్ సేఫ్, ఐ విల్ నాట్ గో అప్" అనుడు నేర్పాలె. క్లినిక్‌ల నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల సంది అని చెప్పుకొనుడు నేర్పాలె. స్టీల్ ఫిక్సర్‌కు వాని మాటలు, మేస్త్రీకి వాని మాటలు. గ్రామర్ తర్వాత చూసుకోవచ్చు.

ఇది సైటు మీదనే, టూల్‌బాక్స్ టాక్ అయినంక ఇరవై నిమిషాలు, డ్యూటీ లెక్కలోనే జరగాలె. కాదు, రాత్రే అంటే ఓటీ రాయాలె. ఇక్కడి చట్టంల రోజుకు 8 గంటలు, ఆపైన పనికి మామూలు గంట మీద కనీసం 25 శాతం ఎక్కువ. కంపెనీ రమ్మంటే పోయే క్లాసు పని కాకపోతే మరేంది? ఇరవై నిమిషాలకు స్లాబు ఆగిపోతదంటరు. కాంక్రీటు బండి రెండు గంటలు లేటైతే ఆగుతలేమా?

కొందరు ఫోర్‌మన్‌లు, సూపర్‌వైజర్లు లోపల లోపల ఇంకో మాట అంటరు: "ఇంగ్లీషు వస్తే మన మాట వినరు, కంపెనీ మారుతరు" అని. మారితే మారనీయండి. మనం హెల్పర్లుగా వచ్చి ఇక్కడిదాక ఎట్ల ఎక్కినం మరి?

రూముల్ల ఒక మాట. ఎవడన్నా రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడితే "దొర వచ్చిండు" అని నవ్వుడు బంద్ పెట్టండి. ఆ నవ్వుకు నోరు మూసుకున్నోళ్లు ప్రతి క్యాంపుల ఉన్నరు.

మీ దగ్గర క్లాసు ఏ టైముకు పెడుతున్నరు, ఓటీ రాస్తున్నరా లేదా, కింద రాయండి. కంపెనీ పేరు మాత్రం రాయకండి, మీకే ఇబ్బంది.