శంఖం కాదు, హెచ్‌హెచ్ 211

మూడు రోజులుగా మన గ్రూపులో ఒక ఫోటో తిరుగుతా ఉంది. నల్లటి ఆకాశంలో రెండు పక్కలకీ చిమ్మే మంట. కింద "ఆకాశంలో కనబడిన శంఖం" అని రాసినారు. దండం బొమ్మలు బోలెడు వచ్చినాయి.

దండం పెట్టేదాన్ని నేను తప్పనను. కానీ శంఖం అని చెప్పి వదిలేస్తే అసలు విశేషం పోతుంది. దాని పేరు హెచ్‌హెచ్ 211. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ఈ ఫోటో 2023 సెప్టెంబరులో బయటికొచ్చింది. సుమారు 1,000 కాంతి సంవత్సరాల దూరం. మధ్యలో ఉండే నక్షత్రం ఇంకా పురిటి బిడ్డ, మన సూర్యుడి బరువులో 8 శాతమే.

ఆ బిడ్డ చుట్టూ ఉండే వాయువును మింగుతా, కొంత రెండు పక్కలకీ కక్కుతుంది. సెకనుకు 80 నుంచి 100 కిలోమీటర్ల వేగం. ఎదురుగా ఉండేది చల్లటి హైడ్రోజన్, రెండేసి పరమాణువుల జతలు. చల్లగా ఉన్నంతసేపు ఆ జతలు దాదాపు వెలుగే ఇవ్వవు. గుద్దుకుంటే 2,000 డిగ్రీల దాకా వేడెక్కి అదిరిపోతాయి, అప్పుడు 2.12 మైక్రాన్ల దగ్గర వెలుగు పుడుతుంది. గూడ్సు షంటింగ్ చూసిన వాళ్లకి ఇది సులభంగా తెలుస్తుంది. ఇంజను తగిలిన కుదుపు ఒక్కో వ్యాగనూ దాటుకుంటా బ్రేకు వ్యాను దాకా పోతుంది కదా, ఇంచుమించు అట్లాంటిదే ఈ షాక్. ఇంకా గట్టిగా గుద్దుంటే ఆ జతలే విడిపోయేవి. ఇక్కడ చాలామటుకు నిలిచినాయి, అందుకే ఈ ఫోటో.

ఆ వెలుగు మన కంటికి ఆనదు. ఫోటోలో ఉండే రంగులు శాస్త్రజ్ఞులు కేటాయించినవి. కంటికి కనబడే వెలుగును ధూళి ఆపేస్తుంది, పరారుణం చాలావరకు దాటి వస్తుంది. ఓరియన్‌లో హెచ్‌హెచ్ 212 అని ఇంకొకటుంది. అందులో రెండు పక్కలా వెలుగు ముడులు జతజతగా సరిపోతాయి, పార్సిల్ ఆఫీసు రిజిస్టర్లో రెండు పక్కల ఎంట్రీలు టాలీ అయినట్టు. నక్షత్రం ఎప్పుడెప్పుడు కక్కిందో దానికి అదే లెక్క.

ఇదంతా అమెరికా సంగతి అనుకోవద్దు. లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉండే 2 మీటర్ల టెలిస్కోపుకు పరారుణ పరికరం ఉంది. దాన్ని నడిపేది మనవాళ్లు ఎంతోమంది ఉండే హోసకోటనుంచి.

నేను చదివింది తమిళ మీడియం. తమిళంలో ఇన్‌ఫ్రారెడ్‌ను అగచ్చివప్పు అంటారు. సివప్పు అంటే ఎరుపని చంటిపిల్లకీ తెలుసు, మాటే సగం పాఠం చెప్పేస్తుంది. పరారుణంలో అరుణం అంటే ఎరుపని మన పిల్లోళ్లకి ఎవరు చెప్పినారు?

వచ్చే కమిటీ మీటింగులో ఆదివారం తెలుగు క్లాసు ఎత్తేసే సంగతి ఉంది. పిల్లోళ్లు రావడం లేదంట. అక్షరాలు, పద్యాలు తప్ప ఇంకేమీ లేని క్లాసుకు పదో తరగతి పిల్లోడు ఎందుకొస్తాడు? నెలకొక ఆదివారం ఇట్లాంటి ఫోటో ఒకటి పెట్టి, గంటసేపు తెలుగులో మాట్లాడదాం. సంఘంలో ఫిజిక్సు టీచర్లు ఉన్నారు. ప్రొజెక్టరూ ఉంది, వార్షికోత్సవానికి తప్ప పెట్టెలోనుంచి బయటికి రాదు. ఎత్తేయాలనే వాళ్లు ఆరు నెలలు ఆగండి. మొదటి క్లాసులో షంటింగ్ సంగతి నేనొచ్చి చెబుతాను.