వృద్ధాశ్రమాల్లో పగలు దాతల సందడి. రాత్రి పిలిస్తే పలికేవారేరీ?

వృద్ధాశ్రమం ఎలా నడుస్తోందో పగలు వెళ్ళి చూస్తే తెలియదు. పగలు వాకిట ముగ్గు ఉంటుంది. గోడ మీద దాతల పేర్లు చెక్కిన రాళ్ళు ఉంటాయి. ఎవరిదో పుట్టినరోజని, ఎవరిదో వర్ధంతి అని అరటిపండ్లు, రొట్టెలు, దుప్పట్లు పంచుతూ ఉంటారు. ఫొటో తీయడం అయ్యేదాకా పండు నోట పెట్టకుండా చేత పట్టుకుని కూర్చోవడం అక్కడి ముసలివారికి అలవాటైపోయింది. అసలు సంగతి రాత్రి వంటమనిషి గిన్నెలు కడిగి ఇంటికి వెళ్ళిపోయాక మొదలవుతుంది.

ఒకప్పుడు వృద్ధాశ్రమం అంటే పట్నం మాట. ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా బోర్డులు కనిపిస్తున్నాయి. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వెళ్ళిపోయిన ఇళ్ళ పెద్దలు డబ్బు కట్టి చేరేవి కొన్ని. పిల్లలు లేనివారు, ఉన్నా చూడనివారు, కొడుకూ కోడలూ కూలికి పోతే తప్ప పూట గడవని ఇంట్లో మంచాన పడ్డవారు చేరే ఉచిత ఆశ్రమాలు కొన్ని. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్ళు నిండినవారు 10 కోట్లకు పైబడి ఉన్నారు. ఆశ్రమాలు ఉండాలా వద్దా అని వాదించుకునే రోజులు పోయాయి. చేరినవారిని ఎలా చూస్తున్నారన్నదే ఇప్పుడు తేలవలసిన విషయం.

తల్లిదండ్రులను చేర్చినవారు ఫోనులో అడిగేది సాధారణంగా ఒక్కటే: అన్నం తిన్నారా అని. అన్నానికి చాలా ఆశ్రమాల్లో లోటు లేదు. అన్నదానానికి ముందుకు వచ్చేవారు మన ఊళ్ళలో ఎప్పుడూ ఉన్నారు. ఆగస్టు 15న, నాయకుల జన్మదినాల్లో, కార్తీక మాసంలో అయితే ఒక్క పూటకే రెండు మూడు ఇళ్ళ నుంచి భోజనాలు వస్తాయి. చక్కెర జబ్బు ఉన్నవారి విస్తట్లో కూడా లడ్డూ పడుతుంది. అయితే ఆయా జీతానికి దానం ఇచ్చేవారు అరుదు. గది కట్టిస్తే రాయి మీద పేరు నిలుస్తుంది. జీతం ఇస్తే నెల తిరిగేసరికి దాని ఆనవాలే ఉండదు. అందుకే భవనాలు పెరిగినంతగా పనిచేసే చేతులు పెరగడం లేదు. ఊడ్చేదీ, గుడ్డలు ఉతికేదీ, మంచం మీదివారికి తినిపించేదీ ఒక్క ఆయాయే అయినచోట ఆమెను తప్పుపట్టి లాభం లేదు.

రెండు గంటలకోసారి

మంచాన పడ్డ మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని వైద్యులు చెబుతారు. తిప్పకపోతే నడుము కింద, పిరుదుల దగ్గర, మడమల మీద చర్మం కమిలి పుండు పడుతుంది. పట్టించుకోకపోతే అది ఎముక దాకా పోతుంది. మానడానికి నెలలు పడుతుంది, కొందరికి మానదు, ప్రాణం మీదికి వస్తుంది. ఈ పని ఎంతో లెక్క వేసి చూడవచ్చు. రాత్రి 10 గంటల నుంచి తెల్లవారి 6 గంటల దాకా ఒక్కొక్కరిని నాలుగు సార్లు తిప్పాలి. అలాంటివారు అయిదుగురు ఉంటే 20 సార్లు. తిప్పడం, తడిసిన గుడ్డ మార్చడం, ఒళ్ళు తుడవడం కలిపి ఒక్కోసారికి పది నిమిషాలు వేసుకున్నా 200 నిమిషాలు. అంటే మూడు గంటల ఇరవై నిమిషాల పని. బరువైన మనిషిని ఒక్కరే తిప్పలేరు, ఇద్దరు కావాలి. చాలాచోట్ల రాత్రి ఉండేది గేటు దగ్గర ఒక కాపలాదారు. అతను దొంగలు రాకుండా చూడగలడు, అంతవరకే.

లేచి తిరిగేవారి అవస్థ మరొక రకం. ముసలితనంలో రాత్రి రెండు మూడు సార్లు మరుగుదొడ్డికి లేవడం సహజం. దొడ్డి వరండా చివర ఉంటుంది. కరెంటు ఖర్చని దీపం ఆర్పేస్తారు. గచ్చు తడిగా ఉంటుంది, గోడకు పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. కాలు జారితే విరిగేది తుంటి ఎముక. ఆ వయసులో తుంటి విరిగినవారిలో మళ్ళీ మునుపటిలా నడవలేనివారు చాలామంది. ఒక ఇనుప కమ్మీ, ఒక చిన్న బల్బు, కూర్చోవడానికి కుర్చీ వంటి దొడ్డి - వీటికి పెద్ద దాత కూడా అక్కరలేదు.

పడతామన్న భయంతో చాలామంది సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. పక్క తడుపుతారని ఇచ్చేవారు కూడా తగ్గిస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రానికి సంబంధించిన ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. పడుచువారికైతే మంట, జ్వరం కనిపిస్తాయి. ముసలివారిలో ఒక్కోసారి అది మతి చెదిరినట్టుగా బయటపడుతుంది. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే డాక్టరుకు చూపించాలి. మందులతో తగ్గే అవకాశం ఉంటుంది. కాని దాన్ని చాదస్తం కింద కట్టేసి ఊరుకోవడం ఇళ్ళలోనూ ఉంది, ఆశ్రమాల్లోనూ ఉంది.

రాత్రి భోజనం వేళ గురించి ఎవరూ అడగరు. వంటమనిషి పొద్దు పోకముందే ఇల్లు చేరాలి కనుక ఆరున్నరకే వడ్డించేస్తారు. మళ్ళీ కాఫీ తెల్లవారి ఆరు దాటాకే. మధ్యలో పదకొండు, పన్నెండు గంటలు కడుపు ఖాళీ. చక్కెర జబ్బుకు మాత్రలో, ఇన్సులినో వాడేవారికి అర్ధరాత్రి చక్కెర పడిపోయి చెమటలు పట్టవచ్చు, స్పృహ తప్పవచ్చు. పడుకునే ముందు ఎవరికి ఏం ఇవ్వాలో డాక్టరును అడిగి రాసిపెట్టుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. అయితే రాసినది చూసి ఇచ్చే మనిషి ఆ వేళకు అక్కడ ఉండాలి కదా!

డబ్బు కట్టే ఆశ్రమాలైతే ఈ బాధ ఉండదనుకోవడం పొరపాటు. 2025 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాలో డబ్బు తీసుకుని నడిపే ఒక ఆశ్రమాన్ని ఆ రాష్ట్ర మహిళా కమిషన్ వారు తనిఖీ చేశారు. చేతులు కట్టేసి ఉన్న వృద్ధురాలు, తాళం వేసిన గదుల్లో ఉన్న ముసలివారు కనిపించారు. ఒక వీడియో బయటికి వచ్చింది కనుక అక్కడికి అధికారులు వెళ్ళారు. వీడియో రాని ఆశ్రమాలకు ఎవరు వెళతారు?

చట్టంలో 'చేయవచ్చు'

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చునని, నెలకు రూ.10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చునని పల్లెల్లో ఇప్పుడు కొంత తెలుసు. అదే చట్టంలోని 19వ సెక్షన్ సంగతి తెలిసినవారు తక్కువ. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా దశలవారీగా ఏర్పాటు చేయవచ్చునని అందులో ఉంది. ఆశ్రమాల్లో సేవల ప్రమాణాలు నిర్ణయించే అధికారం కూడా రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చింది. చిక్కంతా 'చేయవచ్చు' అన్న మాటతోనే వచ్చింది. చేసి తీరాలని చట్టం అనలేదు.

2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద తీర్పు చెబుతూ జిల్లాకు ఎన్ని వృద్ధాశ్రమాలు ఉన్నాయో, వాటిలో వైద్య సదుపాయం ఏమిటో రాష్ట్రాల నుంచి వివరాలు తెప్పించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టింది. వృద్ధుల సంరక్షణ గృహాలన్నీ రిజిస్టరు కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని అందులో ఉంది. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్ళింది, అక్కడి నుంచి నివేదిక కూడా వచ్చింది. 2024లో లోక్‌సభ గడువు ముగిసేసరికి బిల్లు కూడా మురిగిపోయింది. వృద్ధుల ఫిర్యాదులకు 14567 నంబరు ఉంది. అది ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ఆశ్రమంలో అసలు కష్టకాలం ఆ తరువాతనే.

అధికారుల తనిఖీ జరిగినచోట కూడా అది పగటి తనిఖీయే. రిజిస్టర్లు, బియ్యం బస్తాలు, మంచాల లెక్క చూసి సంతకం చేసి వెళ్ళిపోతారు. మంచం మీదివారి వీపు చూసేవారు లేరు.

నమ్మకంగా నడిపేవారు లేకపోలేదు. సొంత పొలం అమ్మి పెట్టినవారు, ఇంటిల్లిపాదీ అక్కడే ఉండి ముసలివారికి స్నానాలు చేయించేవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు. వారికీ, బోర్డు పెట్టి చందాల మీద బతికేవారికీ తేడా తెలిసే మార్గం ఇప్పుడు లేదు. ఆ తేడాను తేల్చవలసినవారు చేర్చిన బంధువులూ, ఊరివారూనే. కబురు చెప్పకుండా రాత్రి ఏడు దాటాక వెళ్ళాలి. మంచం పక్కన చేతికందేలా నీళ్ళు ఉన్నాయా చూడాలి. మడమలు, నడుము దుప్పటి తీసి చూడాలి. రాత్రి ఉండే మనిషి పేరు అడిగి, ఆ మనిషిని పిలిపించి మాట్లాడాలి. మాత్రలు ఎవరివి వారికి విడిగా ఉన్నాయో, అందరివీ ఒకే డబ్బాలో ఉన్నాయో చూడాలి. రాత్రిపూట లోపలికి రానివ్వకపోతే ఎందుకు రానివ్వరో కాగితం మీద రాసి ఇమ్మనాలి. ఆ కాగితంతో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు.

వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారులు జిల్లాలోని ప్రతి ఆశ్రమం గేటు దగ్గర, ఉన్నవారి సంఖ్య, మంచాన పడ్డవారి సంఖ్య, ఆ రాత్రి పనిలో ఉండే ఆయాల పేర్లు బోర్డు మీద రాయించాలి. తనిఖీ పుస్తకంలో సంతకం పక్కన తేదీతోపాటు గంట కూడా వేయాలి.