దింపుటకు వీలులేని దొర

మా అరసవల్లిలో చదువుకొన్నవారే నేడొక మాట తఱచుగా ననుచున్నారు. శాసనసభ్యులు పూటకొక కండువా మార్చుచున్నారట. వారిని కాపాడుకొనుటకే ముఖ్యమంత్రికి కాలము చాలదట. అమెరికావారివలె అధ్యక్షు నొక్కని మనమే యెన్నుకొని, గడువు తీరువఱకు నిశ్చింతగా నేలనిచ్చిన బాగుండునట. ఆకాశమున కొక్క సూర్యుడు చాలడా యందురు. సూర్యనారాయణమూర్తి కొలువున్న యూర నీ యుపమానము చెవి కింపుగనే యుండును. సూర్యుడైనను సాయంకాలమున దిగునని మఱచిరి కాబోలు!

పాలకుడు గద్దె నెట్లెక్కునని యందఱు నడుగుదురు. ఎట్లు దిగునని యడుగవలెను. అమెరికాలో అధ్యక్షుని నడుమ దొలగింప వలెనన్న సెనేటులో మూడింట రెండువంతుల వోట్లు కావలెను. 1974లో నిక్సను తానై రాజీనామా చేసెనే కాని, సెనేటు తీర్పుచే పదవి గోల్పోయిన అధ్యక్షుడు నేటివఱకు నొక్కడును లేడు. శ్రీలంక 1978లో బలవంతుడగు అధ్యక్షుని దెచ్చుకొన్నది. 2022లో ఇంధనమును, ఔషధములును కఱవై ప్రజలు అధ్యక్షభవనమున జొరబడినగాని గోటబయ రాజపక్స పదవిని వీడలేదు.

మన యనుభవము వేఱు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభయందు మద్యనిషేధ విషయమై ప్రకాశము పంతులుగారి మంత్రివర్గ మొక్క వోటు తేడాతో నోడెను. ఆంధ్రకేసరి యంతవాని నొక్క వోటు కూల్చెనే యని విలపించువారు కలరు. నేను విలపింపను. కల్లుగీతతో పొట్టబోసికొనువారి పక్షమున మా జిల్లావారగు గౌతు లచ్చన్నగారు పోరాడిరి. ఆ పేదల మొర సభలో వోటుగా మాఱినది. 1955లో ప్రజలే మరల తీర్పు చెప్పిరి. గడువు తీరువఱకు కదలని అధ్యక్షునికి తాటిచెట్టెక్కువాని గోడు వినవలసిన యగత్యమేమి?

1984 ఆగస్టు మాటయేమి యందురా? రామారావుగారిని నాడు తొలగించినది సభ కాదు, గవర్నరు. సభలో లెక్కింపవలసిన బలమును రాజభవనములో లెక్కించుటయే యా యపచారము. నెలదినములకు ఆయనయే మరల ముఖ్యమంత్రి యయ్యెను.

ప్రజలు నేరుగా నెన్నుకొను పదవి మన పల్లెలయందే యొకటి కలదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి ఉపసర్పంచిపై అవిశ్వాసతీర్మానము చెల్లును, సర్పంచిపై చెల్లదు. కాని కలెక్టరు సర్పంచిని తొలగింపవచ్చును! ప్రజ లెక్కించినవానిని ప్రజలు దింపజాలరు, ఉద్యోగి దింపును. అధ్యక్షవిధానము గోరువారు ముందుగా నీ చిన్న నమూనాను జూడవలదా?

కండువాల రోగము నిజమే. దానికి మందుగా 1985లో ఫిరాయింపుల నిషేధము వచ్చినది. మందు రోగిని మూగవానిని జేసినది. విప్పు జారీయైనచో ఏ బిల్లునకైనను సభ్యుడు చేయెత్తవలసినదే, కాదన్న సభ్యత్వము పోవును. నిజముగా పార్టీ మార్చినవానిపై ఫిర్యాదు మాత్రము సభాపతి బల్లపై నెలలతరబడి నిద్రించును. ఇట్టి సభ యెదుట ముఖ్యమంత్రి యిప్పటికే సగము అధ్యక్షుడు. మిగిలిన సగమును మనమే యిత్తుమా? విప్పు ధిక్కరించినవాని యనర్హతను విశ్వాస, అవిశ్వాస తీర్మానములవంటి కొన్ని ముఖ్యవిషయములకే పరిమితము చేయుడని 1990లో దినేశ్ గోస్వామి సంఘము చెప్పినది. కొత్త దొరను వెదకుచున్న మా మిత్రులు, వోటడుగ వచ్చిన పార్లమెంటు సభ్యుని ఈ సవరణ సంగతి యొక్కసారియైన నడిగిరా?