మీ నాన్న ప్యాకేజీ ఎంత?

కాఫీ పండ్లు కోసే రోజుల్లో మా ఆశ్రమ పాఠశాలకి పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కెరీర్ గైడెన్స్ అన్నారు. తెర కట్టారు, ప్రొజెక్టర్ పెట్టారు, కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. ఆయన గంటన్నర మాట్లాడాడు. అందులో ప్యాకేజీ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో వెనక కూర్చున్న మా సోషల్ మేడం గీతలు పెట్టి లెక్కేసింది, నలభై దాటాక విసుగొచ్చి ఆపేసింది. ఇరవై లక్షల ప్యాకేజీ, నలభై లక్షల ప్యాకేజీ, అమెరికా వెళ్తే కోటి. "మీరూ కోటీశ్వరులు కావచ్చు. మీకు అడ్డం మీరే" అన్నాడు. పిల్లలచేత చప్పట్లు కొట్టించాడు.

తర్వాత ముందు వరసలో ఉన్న తొమ్మిదో తరగతి పిల్లను లేపి, "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు.

"ఏటీ చెయ్యడు సార్. కాఫీ తోట."

ఆయన నవ్వాడు. పిల్లలు నవ్వారు. మాలో కొందరం కూడా నవ్వాం.

ఆ నవ్వు గురించే ఈ వ్యాసం. కొండవాలు మీద ఎకరంన్నర తోటలో కలుపు తీసి, సిల్వర్ ఓక్ నీడ సర్ది, మిరియాల తీగ ఎక్కించి, గోనెసంచీ నడుముకు కట్టుకుని పండు కోసి, పల్పర్‌లో వేసి తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, మూట నెత్తిన పెట్టుకుని సంతకు దిగే మనిషి ఏమీ చెయ్యడని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? పట్నం పెద్దమనిషి ఆ రోజే మొదటిసారి మా కొండెక్కాడు. మేం ఒకటో తరగతి నుంచీ ఉన్నాం. హాజరుపట్టీలో తండ్రి వృత్తి అనే గడిలో 'కూలి' అని, ఇంకా తోచకపోతే ఒక అడ్డగీత పెట్టి వచ్చింది మేమే.

ముందు ఒక మాట తేల్చుకుందాం. డబ్బు వద్దని చెప్పడానికి మేం ఇది రాయడం లేదు. మన మీద ఇంకో రకం ప్రసంగం కూడా నడుస్తూ ఉంటుంది. ఆదివాసికి ఆశ లేదు, అడవే ఆస్తి, థింసా ఆడుకుంటూ సుఖంగా బతుకుతాడు, వాడికి డబ్బు రుచి చూపించి చెడగొట్టకండి అని. ఈ మాట చెప్పేవాళ్లకు పట్నంలో ఫ్లాటు ఉంటుంది, పిల్లలు బయటి దేశంలో ఉంటారు. పురిటినొప్పుల మనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసినవాడికి డబ్బు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. కొండ దిగాక అంబులెన్సు వస్తుంది సరే, పెద్దాసుపత్రిలో పది రోజులు తోడున్నవాళ్ల తిండికి, బయట రాసిన మందులకి, తిరుగు బండికి సంతలో చేబదులు అడగాలి. మనకి డబ్బు కావాలి. మంచి జీతాల ఉద్యోగాలు కావాలి. డాక్టర్లు, ఇంజనీర్లు, కలెక్టర్లు మన ఇళ్లల్లోంచి రావాలి. ఐఐటీల్లో ఎస్టీలకున్న ఏడున్నర శాతం సీట్లలో మన కొండల వాటా మనకి రావాలి.

మా తగాదా "మీకు అడ్డం మీరే" అన్న మాటతో.

ఒక లెక్క వేద్దాం. ఇద్దరు కుర్రాళ్లు ఒకే కాలేజీలో చదివి, ఒకే కంపెనీలో, ఒకే రోజు నెలకు 35 వేలకు చేరారనుకోండి. మొదటివాడికి విశాఖలో తండ్రి కట్టిన ఇల్లుంది, అద్దె లేదు. తల్లిదండ్రులకు పింఛనుంది, ఇంటికి పంపేది లేదు. నెలకు 20 వేలు పక్కన పెడతాడు. అయిదేళ్లకు వడ్డీ కలపకుండానే 12 లక్షలు. దానికి తండ్రి కొంత కలుపుతాడు, స్థలం కొంటాడు. రెండోవాడు మనవాడు. గదికీ తిండికీ రాకపోకలకీ 15 వేలు. ఇంటికి 10 వేలు. చెల్లెలి నర్సింగు ఫీజుకి నెలకు 5 వేలు. మిగిలిన 5 వేలు ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు పోయినా వాడి ఫోనుకే కబురు వస్తుంది కాబట్టి నిలవవు. అయిదేళ్లకు వాడి దగ్గర సున్నా. జీతం ఒకటే, ప్యాకేజీ ఒకటే. మొదటివాణ్ణి పొదుపరి అంటారు. మనవాణ్ణి ఏమంటారో తెలుసు కదా, "వీళ్లకు డబ్బు నిలవదు" అంటారు.

జీతం వేరు, ఆస్తి వేరు. తండ్రి ఇల్లు, మేనమామ పరిచయం, బ్యాంకులో హామీ సంతకం పెట్టే చుట్టం, ఇవన్నీ కలిసి ఆస్తి అవుతుంది. ప్రొజెక్టర్ తెర మీద ఇవేవీ పడవు. అక్కడ ఒక కుర్రాడు, ఒక లాప్‌టాప్, ఒక అంకె. తరతరాలుగా వెనక ఉన్నదంతా చెరిపేసి, ముందున్న అంకె ఒక్కటే చూపించి, అందకపోతే తప్పు నీదే అని పంపించేస్తారు.

అలా పంపించిన పిల్లలు ఎక్కడికి పోతారో మాకు తెలుసు. అయిదో తరగతిలో భిన్నాలు నోటితో చెప్పేసే కుర్రాడొకడు మా దగ్గర ఉండేవాడు. ఇంటర్ తప్పాడు. ఒక్కసారికి పది వేలు ఇస్తామంటే బండి మీద మూట వేసుకుని కొండ దిగాడు. మూటలో గంజాయి. 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది. రుజువైతే కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా, మధ్యలో బెయిలు దొరకడం గగనం. కొనేవాడు, అమ్మేవాడు ఏ నగరంలో ఉంటారో తెలీదు, మోసినవాడు మాత్రం జైల్లో ఉన్నాడు. వాడి తల్లి సంతలో కనబడితే మేం పక్కదారి పడతాం. ఇరవై కిలోలకు ఎన్నేళ్లో ఆ లెక్క మేం వాడికి ఏ తరగతిలోనూ చెప్పలేదు మరి. త్వరగా పెద్దవాడివి కావాలని మాత్రం ప్రతి ఆగస్టు పదిహేనుకీ చెప్పాం.

ఇక మా సంగతి. మా నలభై ఏళ్ల వయసువాళ్లకి టీచర్ ఉద్యోగం ఎలా వచ్చిందో ఇప్పటి కుర్రాళ్లకి సరిగా తెలీదు. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. టీచర్ ట్రైనింగ్ డిప్లొమా పట్టుకుని మేం ఆ తలుపులోంచే లోపలికొచ్చాం. మన్యంలో ఒక వృత్తి ద్వారా ఇల్లు నిలబడటం అంటూ జరిగిందంటే అలా జరిగింది. రేకులు పోయి శ్లాబు వచ్చింది, తమ్ముడు డిగ్రీ దాకా వెళ్లాడు, అమ్మకి కళ్లద్దాలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నూటికి నూరు రిజర్వేషను చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరిన మా ఉద్యోగాలు మాత్రం ఉంచింది. దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులు వేసుకున్న రోజులవి. మన తలుపు అప్పుడే మూసుకుంది. ఇవాళ అదే డిప్లొమా ఉన్న కుర్రాళ్లు వంజంగికి మబ్బులు చూడ్డానికొచ్చినవాళ్లని జీపుల్లో తిప్పుతున్నారు. వాళ్లకి అడ్డం వాళ్లేనా?

అయితే లోపలికొచ్చినవాళ్లం ఏం చేశామో కూడా చెప్పాలి. దాచితే ఈ రాతకి విలువ లేదు. మాలో చాలామంది పిల్లల్ని మేం పాఠం చెప్పే బడిలో వెయ్యలేదు. కొందరం జీతం రాళ్లు ఊళ్లోనే నూటికి అయిదు వడ్డీకి తిప్పాం. నెలకి అయిదంటే ఏడాదికి అరవై. షావుకారు కొండ కింద నుంచి వచ్చేవాడని తాతలు తిట్టారు, ఇప్పుడు షావుకారు ప్రార్థన గంట కొట్టి లోపలికొస్తున్నాడు. ఇంకా కొందరు పేరు అద్దెకిచ్చారు. భూమి కాగితం మీద మనవాడిది, రిసార్టు మైదానంవాడిది. ఏడాదికింతని మనవాడికి ఇస్తారు, శీతాకాలంలో గుడారాల్లో పడుకున్నవాళ్లకి టీలు మోయడానికి మన పిల్లల్నే పెట్టుకుంటారు.

అసలు తగాదా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. బీటెక్ చదివిన మా పాత విద్యార్థి ఒకడు మొన్న సంక్రాంతికి వచ్చి మొహమాటం లేకుండా అన్నాడు: "సార్, మన దరిద్రానికి కారణం 1/70. నాలుగెకరాలున్నా మార్కెట్ రేటుకి అమ్ముకోలేం. బ్యాంకు తాకట్టుకు ఇష్టపడదు. ఈ చట్టం తీసేస్తే మనోళ్లందరూ ఒక్కరోజులో లక్షాధికారులు."

కోపమొచ్చింది గానీ వాడి మాటలో కొంత నిజముంది, అది ఒప్పుకోవాలి. పైచదువు అప్పుకోసం వాడి తండ్రి బ్యాంకు చుట్టూ తిరిగినప్పుడు మేమూ వెంట వెళ్లాం. ఆ భూమిని రేపు గిరిజనేతరుడికి వేలం వెయ్యలేం కాబట్టి అది హామీ కిందికి రాదన్నారు. అలాంటప్పుడు హామీ ప్రభుత్వం ఉండాలి. సహకార సంస్థ ఉండాలి. అది అడగడం మానేసి భూమిని బేరం పెట్టమంటే ఎలా? ఒక్కరోజులో లక్షాధికారి అవుతాడు, నిజమే. రెండో రోజు నుంచి ఏమవుతాడు? 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో బిగించారంటే ఊరికే కాదు. అమ్మకమే కాదు, లీజు కూడా చెల్లదని రాశారంటే, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందేనని ముందుగా భావించాలని రాశారంటే, అప్పటికి ఎన్ని ఎకరాలు బియ్యం బస్తాకీ, సారా సీసాకీ పోయి ఉండాలి! 2025 మొదట్లో పర్యాటకం పేరు చెప్పి చట్టాన్ని సడలించాలన్న మాట పైకొస్తే మన్యం బంద్ పాటించింది. ఆ బంద్‌లో కూర్చున్నవాళ్లలో బీటెక్‌లు తక్కువ. "ఏటీ చెయ్యని" నాన్నలు ఎక్కువ.

లంబసింగి రిసార్టులకు కార్లు వెళ్లే నర్సీపట్నం రోడ్డు సంగతి కూడా వాడికి చెప్పాం. ఆ దారి పనుల్లో మన తాతల చేత వెట్టి చేయించారు, కూలి ఎగ్గొట్టారు. 1922 పితూరీ లేవడానికి అదొక కారణం. దారి వేసినవాడిది, భూమి ఇంకా మిగిలి ఉన్నవాడిది, టీ మోసేవాడిదీ ఒకే ఇంటిపేరు.

మరి ఏ వృత్తి? మేం పిల్లలకి చెప్పాల్సిన వృత్తులు ప్రొజెక్టర్ తెర మీద లేవు. మన్యంలో భూమి కొలిచే సర్వేయరు ఎక్కువసార్లు బయటివాడు, గొలుసు ఎటు లాగితే హద్దు అటు. 1/70 కేసు పడితే వకీలు బయటివాడు, వాయిదా ఎందుకు పడిందో కక్షిదారుడికి తెలీదు. లెక్కలు రాసే అకౌంటెంటు, గింజ గ్రేడు తేల్చేవాడు, కప్పులో పోసి రుచి చూసి ధర చెప్పేవాడు, అందరూ కిందివాళ్లే. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గర్వంగానే ఉంది. కానీ అయిదారు కిలోల పండు కోస్తే కిలో గింజ తయారవుతుంది, ఆ కిలోలోంచి ఎన్ని కప్పులు దిగుతాయో, నగరంలో కప్పు ఎంతకి అమ్ముతారో మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ దారి పొడుగునా కూర్చున్న ప్రతివాడిదీ మంచి జీతమే. ఆ కుర్చీల్లో మనవాళ్లు కూర్చోవాలి. ఒక్కడు అమెరికా వెళ్తే సంతోషం, భోజనం పెట్టి పంపిద్దాం. కానీ వందమందిని ఆ ఒక్కడి ఫొటో చూపించి అవమానించకండి.

గైడెన్సు అయిన మర్నాడు మేం ఆ తొమ్మిదో తరగతికి వెళ్లాం. ఆ పిల్లని బోర్డు దగ్గరికి పిలిచి, నాన్న ఏడాదిలో చేసే పనులన్నీ నెలలవారీగా రాయమన్నాం. మొదట సిగ్గుపడింది. తర్వాత మిగతా పిల్లలు అందించారు. బోర్డు నిండిపోతే తుడవకుండా నోట్సులో ఎక్కించుకుని మళ్లీ రాశారు. అమ్మా నాన్నా ముసలమ్మా కలిసి రెండు వందల పనిదినాలు తేలాయి. తయారైన గింజ నూటయాభై కిలోలు. సంతలో ముందే అడ్వాన్సు తీసుకున్న వ్యాపారికే ఇచ్చారు, కిలో 280 రూపాయలు. గుణించారు, 42 వేలు. రెండు వందలతో భాగించారు, రోజుకి 210. ఉపాధి హామీ పనికెళ్లినా అంతకన్నా ఎక్కువ వచ్చేది.

క్లాసులో చప్పుడు లేదు. "ఇదేనా సార్ మా నాన్న ప్యాకేజీ?" అంది ఆ పిల్ల. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక కుర్రాడు లేచి, "మరి కప్పుకి అంత ధర అంటున్నారు కదా సార్, మిగతాది ఎవరికి పోయింది?" అని అడిగాడు.

ఇంగ్లీషు పీరియడ్ గంట కొట్టారు. ఇంగ్లీషు మాస్టారు గుమ్మంలో నిలబడి బోర్డు చూశారు. తుడవొద్దన్నారు. వెనక బెంచీలో కూర్చుని, "కానివ్వండి, ముందు అడ్వాన్సు మీద వడ్డీ ఎంతో తేల్చండి" అన్నారు.