‘రాసేశా’నంటే నమ్మొచ్చా?

ఫొటోలు, పిల్లల వీడియోలు, ఆఫీసు ఫైళ్లు... అన్నీ ఒక్కచోట దాచుకోవడానికి ఇంట్లోనే సొంత స్టోరేజీ సర్వర్ పెట్టుకునేవాళ్లున్నారు. ఓ పాత కంప్యూటర్, నాలుగు హార్డ్‌డిస్కులు, ఉచితంగా దొరికే ట్రూనాస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు... సర్వర్ సిద్ధం! దాంట్లోకి సినిమా కాపీ చేస్తే సెకనుకు వంద మెగాబైట్ల దాకా లాగేస్తుంది. అదే సర్వర్ మీద కొట్టు బిల్లింగ్ డేటాబేస్ పెట్టి చూడండి, నత్తనడకే. డిస్కులు అవే, వైరూ అదే. మరి తేడా ఎక్కడ?

‘రాసేశాను’ అన్న ఒక్క మాటలో!

సినిమా లాంటి ఫైలు వచ్చినప్పుడు సర్వర్ దాన్ని ముందు ర్యామ్‌లో పెట్టుకుని ‘అందింది’ అనేస్తుంది. డిస్కు మీదికి తీరిగ్గా దించుతుంది. ఇది ఎసింక్ రైట్. డేటాబేస్ అలా ఒప్పుకోదు. ‘డిస్కు మీద పడిందని చెబితేగానీ తర్వాతి పని మొదలుపెట్టను’ అంటుంది. ఇది సింక్ రైట్. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది. హెడ్డు కదలడానికి మరికొంత సమయం. ఇలా ఒక్కోదానికీ జవాబు చెబుతూ పోతే సెకనుకు వంద రాతలు కూడా గగనమే. ఒక్కోటీ 4 కిలోబైట్లనుకుంటే... సెకనుకు 400 కిలోబైట్లు!

అడ్డదారి వద్దు

ట్రూనాస్ వాడే ఫైల్ సిస్టమ్ పేరు జడ్‌ఎఫ్‌ఎస్. అందులో ‘సింక్’ అనే సెట్టింగు ఉంటుంది. దాన్ని ‘డిసేబుల్డ్’ అని మార్చగానే సర్వర్ పరుగందుకుంటుంది. కానీ అప్పట్నుంచీ అది చెప్పేది అబద్ధం. డిస్కు మీద పడకుండానే ‘రాసేశాను’ అంటుంది. జడ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా 5 సెకన్లకోసారి ర్యామ్‌లోని డేటాను డిస్కుకు దించుతుంది. ఆలోపు కరెంటు పోయిందా, ఆ కాసేపట్లో రాసినవన్నీ గల్లంతే. జడ్‌ఎఫ్‌ఎస్‌కు ఏమీ కాదు, దాని మీదున్న డేటాబేస్ మాత్రం చెడిపోవచ్చు. ఖాతాదారు డబ్బు కట్టి రసీదు పట్టుకెళ్తాడు, కంప్యూటర్లో చూస్తే ఆ బిల్లే ఉండదు!

యూపీఎస్ ఉందిగా అంటారా? ఉండాల్సిందే. కానీ సర్వర్ లోపలి పవర్ సప్లై కాలిపోతేనో, ఆపరేటింగ్ సిస్టమ్ కుప్పకూలితేనో యూపీఎస్ ఏం చేయగలదు?

చిట్టా... ఆవర్జా

పాతకాలం కిరాణా కొట్టు గుర్తు తెచ్చుకోండి. సరుకు అప్పివ్వగానే షావుకారు చిట్టాలో రాసేస్తాడు. తీరిక దొరికాక ఎవరి లెక్క వారి ఖాతాలో, ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. జడ్‌ఎఫ్‌ఎస్‌దీ ఇదే పద్ధతి. దాని చిట్టా పేరు ‘జిల్’. చిక్కల్లా ఏంటంటే, చిట్టా, ఆవర్జా రెండూ అవే డిస్కుల మీద ఉంటాయి. అందుకే ఆలస్యం. చిట్టాకని వేరే వేగమైన ఎస్‌ఎస్‌డీ ఇచ్చేస్తే సరి. దాన్నే ‘స్లాగ్’ అంటారు. దాంట్లో రాయడమే ఎక్కువ. సర్వర్ అర్ధంతరంగా ఆగి, తిరిగి లేచినప్పుడే చదివే అవసరం వస్తుంది.

కొనేముందు...

* ఓ పరీక్ష చేయండి. పోయినా ఫర్వాలేని డేటాతో కాసేపు సింక్‌ను డిసేబుల్డ్‌లో పెట్టి వేగం చూడండి. పెరగలేదా? జబ్బు వేరే ఉంది, స్లాగ్ దండగ. పెరిగితే, స్లాగ్‌తో రాగల వేగానికి అదే హద్దు. చూశాక సెట్టింగును మళ్లీ ‘స్టాండర్డ్’కు మార్చడం మరవొద్దు.

* ఏ ఎస్‌ఎస్‌డీ పడితే అది పనికిరాదు. కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటాను భద్రంగా దించుకునే కెపాసిటర్లు ఉండాలి. వివరాల్లో ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ అని ఉందేమో చూడండి. ఈ పనికి ఇంటెల్ ఆప్టేన్ పేరు గట్టిగా వినిపించేది. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారానికి స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. సర్వర్ల కోసం తయారైన ఇతర ఎస్‌ఎస్‌డీలూ పనికొస్తాయి.

* పెద్దది అక్కర్లేదు. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు వచ్చేది 125 మెగాబైట్లకు మించదు. 5 సెకన్లకు 625. రెండు మూడు విడతలు పేరుకున్నా 16 జీబీ ధారాళం.

* కమాండ్‌తో కలిపేటప్పుడు ‘లాగ్’ అన్న మాట తప్పకుండా ఉండాలి. లేకపోతే ఆ ఎస్‌ఎస్‌డీ చిట్టాగా కాక ఆవర్జాలోనే భాగమైపోతుంది. తర్వాత అది చెడితే మొత్తం డేటాకే ఎసరు!

ఫొటోలు, సినిమాలు దాచుకోవడమే మీ పనైతే ఈ ఖర్చు అక్కర్లేదు. లెక్కలుంటే మాత్రం చిట్టాకు మంచి పుస్తకం కొనండి. అంతేగానీ రాయడం మానేయొద్దు!