ఉంగరాల బొచ్చు కుక్కపిల్ల – ఇంటిలోనే శుభ్రత



ఈ నెల కుక్కను గురించి వ్రాస్తున్నామంటే కొందరు నవ్వవచ్చు. అయితే గృహదర్శనములకు వెళ్ళినప్పుడు నరసరావుపేటలోనే కాదు, మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో కూడ ఈ మధ్య చిన్న ఉంగరాల బొచ్చు కుక్కలు మాకు ఎదురగుచున్నవి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే పిల్లలు ముచ్చటపడి పూడిల్ జాతి కుక్కను కొంటారు. కొన్నాళ్ళకు తీరిక లేక అమ్మానాన్నల దగ్గర వదలి వెళ్తారు. మన ఊరి కుక్కకు పొట్టి బొచ్చు, దానికి దువ్వెనతో పని లేదు. గనుక ఈ కొత్త ప్రాణిని ఎట్లా చూడాలో పెద్దవారికి తోచడం లేదు.

పూడిల్ మొదట నీటి కుక్క. వేటగాడు కొట్టిన బాతులను నీళ్ళలో ఈది తెచ్చి ఇవ్వడం దాని పని. చలినీళ్ళకు తగిన ఒత్తు బొచ్చుతో పుట్టిన ఆ ప్రాణి ఇప్పుడు మన పలనాటి ఎండలో బ్రతుకుతున్నది. రెంటచింతల ఎండను గురించి మీకు మేము చెప్పనక్కరలేదు. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే అది చల్లబడే ప్రధాన మార్గము.

ఈ జాతి బొచ్చు ఇంట్లో ఎక్కువగా రాలదు. ఊడిన వెంట్రుక క్రింద పడక ఉంగరాలలోనే చిక్కుకుంటుంది. నాలుగు రోజులు దువ్వకపోతే అది ఉండకట్టి, తరువాత జడకట్టి, చర్మాన్ని లాగుతుంది. దాని క్రింద గాలి ఆడక తడి నిలిచి పుండ్లు పడతాయి. పొలం గట్టున తిరిగితే పల్లేరుకాయలు కూడ అందులోనే దాగుతాయి. కాబట్టి ఇది అందము కొరకు చేసే పని కాదు, ఆ ప్రాణికి బాధ తప్పించే పని.

రోజూ గాని, రోజు విడిచి రోజు గాని పది నిమిషాలు చాలు. స్టీలు పళ్ళ దువ్వెన ఒకటి కొనండి. బొచ్చును పాయలుగా విడదీసి, ముందు కొసలు, తరువాత మధ్య, చివరకు చర్మము దగ్గర దువ్వండి. చెవుల వెనుక, చంకలలో, తొడల నడుమ, మెడపట్టీ క్రింద తప్పక చూడండి. ఉండ కనబడితే లాగవద్దు. వ్రేళ్ళతో విడదీయండి. రాకపోతే చర్మానికీ ఉండకూ మధ్య దువ్వెన దూర్చి, దువ్వెన పైభాగములోనే కత్తిరించండి. అప్పుడు చర్మము తెగదు. ఒళ్ళంతా జడకట్టి ఉంటే మాత్రము పశువైద్యుని దగ్గరకే తీసుకుపోవాలి.

స్నానానికి ముందే చిక్కు తీయాలి. తడిస్తే ఉండ మరింత బిగుస్తుంది. మన ఒంటి సబ్బు దాని చర్మానికి సరిపడదు, కుక్కల షాంపూ వాడండి. గోరువెచ్చని నీళ్ళు పోసి, నురుగు మిగలకుండ కడిగి, తుండుగుడ్డతో రుద్దక అద్ది, మొదళ్ళ వరకు ఆరబెట్టండి. చెవి లోపలికి పుల్లలు పెట్టవద్దు.

నెలకో, నెలన్నరకో బొచ్చు కత్తిరించాలి. కంటి దగ్గర మొన లేని కత్తెర వాడండి. వేసవి అని గుండు చేయవద్దు. చర్మము ఎండకు కాలుతుంది. అర అంగుళము నుండి అంగుళము వరకు ఉంచండి. గోళ్ళలో రక్తనాళము ఉంటుంది గనుక కొసలు మాత్రమే తీయండి. నల్ల గోళ్ళయితే కొంచెము కొంచెముగా తీయాలి. రక్తము వస్తే కాస్త మొక్కజొన్న పిండి అద్ది నొక్కి పట్టండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఒత్తు బొచ్చులో పిడుదులు పడతాయి. మన ఇళ్ళలో మిరపకూ పత్తికీ కొట్టే పురుగుమందు చేతికందే చోటనే ఉంటుంది. దానిని నీళ్ళలో కలిపి కుక్కకు పూసేవారిని మేము ఎరుగుదుము. ఒక ఇంటిలో సాయంత్రము పూసిన కుక్క తెల్లవారేసరికి చొంగ కార్చి, వణికి, ఫిట్స్ వచ్చి చనిపోయింది. ఆ రాత్రి దానిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది ఐదేండ్ల బిడ్డ. ఆ బిడ్డకు హాని కలుగకపోవడం కృపయే. ఆ మందు చర్మము గుండా ఒంటికి ఎక్కుతుంది. కుక్క ఒళ్ళు నాకుతుంది, పిల్లలు కుక్కను ముద్దాడుతారు. పొలం మందు పొలానికే. పిడుదును చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకొని నిదానముగా లాగండి, మందు పశువైద్యుణ్ణి అడిగి వాడండి. పొరపాటున ఎవరైనా పొలం మందు పూస్తే, చేతులకు తొడుగు వేసుకొని వెంటనే సబ్బునీళ్ళతో కడిగి, మందు సీసాతో సహా పశువైద్యశాలకు పరుగెత్తండి.

దువ్వేటప్పుడు నొప్పి పుట్టి అది కరవవచ్చు. మన వైపు కుక్కకాటుకు కారము అద్దే అలవాటున్నది. అది పనికిరాదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. వెర్రి లక్షణాలు బయటపడిన తరువాత బ్రతకడము దాదాపు లేదు. ముందే టీకా తీసుకుంటే ప్రాణము దక్కుతుంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్, వెర్రికుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలునికి ఆ టీకా మొదలుపెట్టాడు, బాలుడు బ్రతికాడు. ఆ జ్ఞాపకముగానే జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచిత టీకాలు వేస్తారు. మీ కుక్కకు మూడో నెలలో మొదలుపెట్టి, వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేటా వేయించండి.

చివరగా, కుక్కను తెచ్చిన యౌవనస్థులకు ఒక మాట. దానిని వదలి వెళ్ళేటప్పుడు దువ్వెన, షాంపూ, టీకా కార్డు కూడ ఇచ్చి వెళ్ళండి. వైద్యుని ఖర్చు పంపండి. మీ అమ్మగారి చేతులు వంగలేనివైతే, పండుగకు వచ్చినప్పుడు మీరే కూర్చొని బొచ్చు కత్తిరించండి. ముచ్చట మీది, మోత వారిది కాకూడదు. నోరు లేని ప్రాణి తన బాధ చెప్పలేదు. చేతితో తడిమి చూస్తేనే మనకు తెలుస్తుంది.