జన్యు పరీక్ష కాగితం చూసి బి విటమిన్లు మింగకండి

ఉమ్మి నమూనా కొరియర్‌లో పంపితే చాలు, మీ జన్యువుల గుట్టు విప్పుతామని చెప్పే ప్రకటనలు ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. అలా వచ్చే నివేదికల్లో ‘ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్’ అనే జన్యువు పేరు చూసి బెంబేలెత్తుతున్న మహిళలున్నారు. రొమ్ము క్యాన్సర్ వస్తుందేమోనన్న భయంతో నేరుగా మెడికల్ షాపుకు వెళ్లి, పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్, బి12 మాత్రలు కొనేస్తున్నారు. ఇది ఆగాలి. ఆరోగ్యవంతులకైతే డబ్బు దండగ. చికిత్సలో ఉన్నవారికి మాత్రం ప్రమాదం.

అసలు సంగతి ఇది. ఆకుకూరల్లో, పప్పుల్లో దొరికే ఫోలేట్ (మాత్రల్లోని ఫోలిక్ యాసిడ్ దీని కృత్రిమ రూపమే), దానికి తోడు బి6, బి12 కలిసి మన కణాల్లో డీఎన్‌ఏ తయారీకి, మరమ్మతుకు పనికొస్తాయి. ఆ పని నడిపే ఎంజైముల్లో ఒకదానికి సూచనలిచ్చేది ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువు. అందులో 677వ స్థానంలో చిన్న మార్పు ఉంటుందని 1995లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పే సంక్రమించిన వారిలో ఎంజైము పని సుమారు 30 శాతానికి పడిపోతుంది. ఫోలేట్ తక్కువ తినేవారికి ఈ మార్పు కూడా తోడైతే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందా? అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లోనూ, మన హైదరాబాద్ నిమ్స్‌లోనూ పరిశోధకులు దీన్ని వెతికారు. ప్రపంచవ్యాప్తంగా వచ్చిన ఫలితాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగలేదు. సంబంధం ఉన్నా అది స్వల్పమే. రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లోని హానికర మార్పులతో దీన్ని ఒకే గాటన కట్టడం మోసం.

పోనీ మాత్రలు వేసుకుంటే ముప్పు తగ్గుతుందా? అమెరికాలో 5,442 మంది మహిళలపై ఏడేళ్లకు పైగా ఆ పరీక్షా జరిగింది. కొందరికి రోజూ 2.5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, దాంతో బి6, బి12 ఇచ్చారు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. 2008లో వెలువడిన ఫలితం ప్రకారం రొమ్ము క్యాన్సర్ విషయంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ ఫోలిక్ యాసిడ్ కథలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఫోలేట్ జాతి పదార్థాలు ఇస్తే లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో వ్యాధి ఇంకా ఉధృతమవుతోందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. దాంతో ఆలోచన తలకిందులైంది. ఫోలేట్‌ను అడ్డుకునే మందులను సుబ్బారావు బృందమే చేసిచ్చింది. తర్వాత రొమ్ము క్యాన్సర్ కీమోలోనూ వాడిన మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. విభజన చెందే ప్రతి కణానికీ ఫోలేట్ కావాలి. క్యాన్సర్ కణానికీ కావాలి.

ఇంట్లో ఉన్న బి కాంప్లెక్స్ స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. కొన్నింటిలో ఫోలిక్ యాసిడ్ 1.5 మిల్లీగ్రాములని ఉంటుంది, అంటే 1,500 మైక్రోగ్రాములు. గర్భిణి గానీ పాలిచ్చే తల్లి గానీ కాని మహిళకు రోజుకు 220 మైక్రోగ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. షాపుల్లో విడిగా దొరికే మాత్ర ఏకంగా 5 మిల్లీగ్రాములు! బి12 లోపం ఉన్నవారు ఇదే పనిగా ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

కీమో తీసుకుంటున్న అక్కచెల్లెళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రొమ్ము క్యాన్సర్‌కు తరచూ రాసే కేపసిటబిన్ మాత్రలతో ఫోలిక్ యాసిడ్ కలిస్తే దుష్ప్రభావాలు తీవ్రమవుతాయి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మండి, తోలు ఊడివస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. 2020లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం ప్రకారం కీమోకు ముందూ, కీమో జరుగుతుండగానూ బి12 మాత్రలు వాడిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో వ్యాధి తిరగబెట్టడం, మరణాలు ఎక్కువగా కనిపించాయి. కారణం బి12 మాత్రలేనని ఆ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. కానీ సొంత వైద్యం మానడానికి అంతమాత్రం చాలదా?

ఇది చదివి గర్భిణులు ఫోలిక్ యాసిడ్ ఆపకూడదు. బిడ్డ వెన్నుపాముకు అది రక్ష. పరీక్షలో బి12 లోపం తేలినవారు, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌తో పాటు డాక్టరు ఫోలిక్ యాసిడ్ రాసినవారు కూడా మానకూడదు. పాలకూర, తోటకూర, పెసలు, శనగలు ఎవరైనా నిశ్చింతగా తినొచ్చు.

అమ్మకో అక్కకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, జన్యు పరీక్ష గురించి క్యాన్సర్ వైద్యుణ్ని అడగండి, ప్రకటనను కాదు. చికిత్సలో ఉంటే ఇంట్లో ఉన్న విటమిన్ స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించండి. రొమ్ములో గడ్డ తగిలితే, చనుమొన లోపలికి పోతే, రక్తం కారితే, మాత్రలు వాడి నెల చూద్దామనుకోకుండా ఈ వారమే ఆస్పత్రికి వెళ్లండి.